మందుకు తగ్గని మచ్చను కప్పి పెట్టకండి



మన ఆసుపత్రి ఓపీకి రోజూ వచ్చే జబ్బులలో దురదలు, మచ్చలు, పొక్కులు ముందు వరుసలో ఉంటాయి. వీటిలో చాలా మటుకు గజ్జి, తామర, శోభి, చెమట పొక్కులు, చలికాలంలో చర్మం పొడిబారడం వంటివే. సరైన మందు సరిగ్గా వాడితే తగ్గిపోతాయి. అయితే కొద్దిమందిలో మాత్రం చర్మం మీద కనబడే మార్పుకు కారణం చర్మంలో ఉండదు. శరీరం లోపల ఎక్కడో మొదలైన క్యాన్సర్ బయటికి పంపిన కబురు అది. ఆ కబురును ఎలా గుర్తు పట్టాలి, ఎప్పుడు భయపడనక్కర లేదు, ఎప్పుడు ఆలస్యం చేయకూడదు అన్నది ఈ వ్యాసంలో చెప్పుకుందాం. అంతకన్నా ముందు నేను చేసిన పొరపాటు ఒకటి మీకు చెప్పాలి.

మా వదిన సంగతి

ఇది పదేళ్ళ క్రిందటి మాట. క్రిస్మస్ సెలవులకు మా ఊరికి వెళ్ళినప్పుడు మా వదిన నన్ను లోపలి గదిలోకి పిలిచి ఎడమ రొమ్ము చూపించింది. చనుమొన ఎర్రబడి, పైన సన్నగా పొట్టు లేస్తున్నది. "రైక ఒరుసుకుంటున్నదో ఏమో, ఒకటే దురద. నువ్వు నర్సువు గదా, ఏదన్న మందు ఇయ్యి" అన్నది. నేను గడ్డ ఉన్నదేమో అని చేయి పెట్టి చూడలేదు. రెండో వైపు ఎలా ఉందని కూడా అడగలేదు. నా సంచిలో ఉన్న ఆయింట్‌మెంట్ ట్యూబు తీసి ఇచ్చాను.

రెండు వారాల తరువాత ఫోనులో "తగ్గింది" అన్నది. నెల తిరగకుండానే మళ్ళీ వచ్చింది. తామర అనుకొని మందు మార్చాను. మళ్ళీ కొంచెం తగ్గినట్టే తగ్గి తిరగబెట్టింది. అలా ఎనిమిది నెలలు గడిచాయి. రైకకు రక్తపు మరక అంటుతున్నదని ఆమె చెప్పిన రోజున గాని నాకు భయం పుట్టలేదు.

వెంటనే రమ్మని మన డాక్టరమ్మ గారికి చూపించాను. ఆమె రెండు రొమ్ములు, రెండు చంకలు పరీక్ష చేసి నన్ను ఒక్క మాట అడిగారు. "సిస్టర్, ఒక్క వైపే ఉన్నది, మందుకు తగ్గలేదు. మీకు అనుమానం రాలేదా?" నేను జవాబు చెప్పలేకపోయాను. అప్పటికి నాకు ఇరవై ఏళ్ళ సర్వీసు ఉంది.

చిన్న ముక్క తీసి పరీక్షకు పంపితే పేజెట్ జబ్బు అని వచ్చింది. పైకి చనుమొన మీద పొట్టు, అడుగున రొమ్ములో క్యాన్సర్. హైదరాబాదులో ఆపరేషన్ చేసి రొమ్ము తీసివేశారు. చంకలోని గ్రంథులకు కూడా పాకినందువల్ల కీమోథెరపీ ఇచ్చారు. దేవుని దయ వలన ఆమె ఈనాటికీ బాగున్నది. మనవరాలి జడ వేసి బడికి పంపుతున్నది. కాని మొదటి నెలలోనే చూపించి ఉంటే అంత వైద్యం అవసరం పడేది కాదేమో అన్న బాధ నన్ను వదలలేదు. ఈ వ్యాసం రాస్తున్నానని చెబితే, "నా పేరు రాయకు గాని నా సంగతి రాయి. ఇంకో ఆడది ఎనిమిది నెలలు పోగొట్టుకోవద్దు" అన్నది.

లోపలి క్యాన్సర్ చర్మం మీద ఎలా కనబడుతుంది?

దీనికి ముఖ్యంగా నాలుగు దారులు ఉన్నాయి.

1. క్యాన్సర్ కణాలే చర్మంలోకి రావడం. మా వదినకు జరిగింది ఇదే. రొమ్ములోని కణాలు పాలనాళాల వెంట చనుమొన చర్మంలోకి చేరతాయి.

2. క్యాన్సర్ గడ్డ కొన్ని పదార్థాలను రక్తంలోకి వదలడం. వాటి ప్రభావంతో దూరాన ఉన్న చర్మం మందంగా, నల్లగా పెరుగుతుంది.

3. శరీర రక్షణ శక్తి తికమకపడడం. క్యాన్సర్‌తో పోరాడవలసిన శక్తి సొంత చర్మం మీద, కండరాల మీద కూడా దాడి చేస్తుంది.

4. లోపలి పని ఆగిపోవడం. పిత్తం పోయే దారి మూసుకుపోతే చర్మం పచ్చబడి దురద పుడుతుంది. ఎముకల లోపలి మజ్జ పాడైతే రక్తం గడ్డకట్టించే కణాలు తగ్గి చర్మం మీద ఎర్ర చుక్కలు వస్తాయి.

ఇప్పుడు ఒక్కొక్క గుర్తును చూద్దాం.

1. ఒక్క చనుమొన మీదే మానని పొట్టు, పుండు

ఈ జబ్బును 1874లో లండన్ నగరపు సర్జన్ జేమ్స్ పేజెట్ గారు వివరించారు. సుమారు 15 మంది స్త్రీలలో చనుమొన మీద ఎగ్జిమా వంటి పుండును ఆయన చూశారు. తాను గమనిస్తూ వచ్చిన వారందరికీ రెండేళ్ళ లోపునే రొమ్ము క్యాన్సర్ బయటపడిందని రాశారు. అందుకే ఈ జబ్బుకు ఆయన పేరు వచ్చింది. ఇది అరుదైనదే. రొమ్ము క్యాన్సర్ వచ్చిన నూరుమందిలో ఒకరి నుండి ముగ్గురి వరకు మాత్రమే ఇలా కనబడుతుంది. కాని ఇలా కనబడిన పదిమందిలో ఎనిమిది తొమ్మిది మందికి లోపల రొమ్ములో కూడా క్యాన్సర్ ఉంటుంది.

మామూలు ఎగ్జిమా సాధారణంగా రెండు వైపులా వస్తుంది, చనుమొన చుట్టూ ఉన్న నల్లని భాగంలో మొదలవుతుంది, మందుకు తగ్గుతుంది. పేజెట్ జబ్బు ఒక్క వైపే, చనుమొన మీదనే మొదలై మెల్లగా చుట్టూ పాకుతుంది. దురద, మంట, పక్కు కట్టడం, రక్తం లేక నీరు కారడం, చనుమొన అణిగిపోవడం ఉండవచ్చు. గడ్డ చేతికి తగలకపోయినా క్యాన్సర్ లేదని అనుకోకూడదు.

2. రొమ్ము చర్మం బత్తాయి తొక్కలా మారడం

బత్తాయి తొక్క మీద చిన్న చిన్న గుంటలు ఉంటాయి కదా. రొమ్ము చర్మం అలా మందంగా, గుంటలు పడినట్టు కనబడితే, లేక ఎర్రబడి వేడిగా వాచితే, లేక ఒకచోట లోపలికి లాగినట్టు సొట్ట పడితే వెంటనే చూపించాలి. పాలిచ్చే తల్లులకు పాలు గడ్డకట్టి వాపు రావడం మామూలే. అది మందులతో వారం పది రోజుల్లో తగ్గాలి. తగ్గకపోతే, లేక పాలివ్వని స్త్రీకి అలా వస్తే, "చీము గడ్డ" అనుకొని కూర్చోకూడదు.

3. దద్దు లేకుండా ఒళ్ళంతా దురద

దురద పెట్టిన ప్రతివారికీ క్యాన్సర్ ఉండదు. ఇంటిల్లిపాదికీ రాత్రిపూట దురద ఉంటే అది గజ్జి. పెద్ద వయసులో, చలికాలంలో చర్మం ఎండిపోయి దురద వస్తుంది. షుగర్, కిడ్నీ జబ్బు, థైరాయిడ్, రక్తహీనత కూడా దురదకు కారణాలే. కాని గోకిన గీతలు తప్ప చర్మం మీద ఏమీ లేకుండా వారాల తరబడి దురద ఉంటే రక్త పరీక్షలు చేయించాలి.

దురదతో పాటు కళ్ళు పచ్చబడి, మూత్రం ముదురు రంగుకు మారి, మలం సున్నంలా తెల్లబడితే అది పిత్తం దారి మూసుకుపోయిన కామెర్లు. మన వైపు పసిరికలు అంటాం. పిత్తనాళంలో రాయి అడ్డుపడినా ఇలా కావచ్చు. పిత్తనాళంలోనో, పాంక్రియాస్ గ్రంథి తలభాగంలోనో గడ్డ పెరిగినా ఇలాగే అవుతుంది. నొప్పి లేకుండా రోజురోజుకూ ముదిరే కామెర్లను మరీ ముఖ్యంగా అనుమానించాలి. పసరు తాగడం, చేతికి వాత పెట్టించుకోవడం, పథ్యం పేరుతో నెల రోజులు ఉప్పు కారం మానడం వలన ఆ గడ్డ ఆగదు. ఆపరేషన్ చేయగలిగిన సమయం మాత్రం దాటిపోతుంది. కామెర్లు అనిపించిన వారంలోనే కడుపు స్కానింగ్ చేయించండి.

దురదతో పాటు మెడలో, చంకలో, గజ్జల్లో గడ్డలు, సాయంత్రపు జ్వరం, రాత్రి బట్టలు తడిసేంత చెమట, బరువు తగ్గడం ఉంటే లింఫోమా అనే క్యాన్సర్ కావచ్చు. ఇవే గుర్తులు టీబీలోనూ ఉంటాయి. మన ప్రాంతంలో టీబీ ఎక్కువ గనుక మెడ గడ్డలను చూడగానే టీబీ అనుకోవడం అలవాటు. ఏది ఏమిటో గడ్డ నుండి ముక్క తీసి పరీక్ష చేస్తేనే తేలుతుంది. టీబీ మందులు వాడుతున్నా గడ్డలు పెరుగుతుంటే డాక్టరు గారికి తప్పక చెప్పండి.

4. మెడ నల్లబడడం, అరచేయి బోటిలా మారడం

మెడ వెనుక, చంకల్లో చర్మం మఖమల్ బట్టలా మందంగా నల్లబడడాన్ని అకాంథోసిస్ నైగ్రికాన్స్ అంటారు. బరువు ఎక్కువున్న పిల్లల్లో, షుగర్ వచ్చే సూచన ఉన్నవారిలో ఇది చాలా మామూలు. వారికి క్యాన్సర్ భయం అక్కర లేదు. షుగర్ పరీక్ష చేయించి బరువు తగ్గితే చాలు. సబ్బుతో, పీచుతో తోమితే పోయే మట్టి కాదు గనుక పిల్లలను కసరవద్దు.

అనుమానించవలసింది వేరే రకం. నలభై దాటిన సన్నని మనిషికి కొద్ది నెలల్లోనే మెడ, చంకలు, పెదవుల చుట్టూ చర్మం వేగంగా నల్లబడి మందం కావడం, దురద పెట్టడం, దానితో పాటు బరువు తగ్గడం, ఆకలి మందగించడం, రెండు ముద్దలకే కడుపు నిండడం. ఇలాంటి వారిలో కొందరికి అరచేతుల చర్మం కూడా గీతలు గీతలుగా, ముడతలుగా మారుతుంది. మనం శుభ్రం చేసి వండుకునే బోటి ఎలా ఉంటుందో అలా. ఇంగ్లీషు డాక్టర్లు కూడా దీనిని బోటి అరచేయి అనే అర్థంలోనే ట్రైప్ పామ్ అంటారు. ఈ గుర్తులు ఉన్నవారిలో జీర్ణాశయపు క్యాన్సర్, ఊపిరితిత్తుల క్యాన్సర్ కోసం వెతకవలసి ఉంటుంది.

5. కనురెప్పల మీద ఊదా రంగు, చేతుల్లో బలం లేకపోవడం

డెర్మటోమయోసైటిస్ అనే జబ్బులో పై కనురెప్పలు ఉబ్బి ఊదా రంగుకు మారతాయి. వేళ్ళ కణుపుల మీద ఎర్రని బొడిపెలు వస్తాయి. మెడ కింద, రొమ్ము పైన, భుజాల మీద ఎండకు కమిలినట్టు ఎర్రబడుతుంది. మన రంగు చర్మం మీద ఎరుపు స్పష్టంగా కనబడదు, నల్లగానో ఊదాగానో కనబడుతుంది. దీనితో పాటు కండరాల బలం తగ్గుతుంది. జడ వేసుకోవడానికి చేయి లేవదు. అటక మీది సామాను అందుకోలేరు. కింద కూర్చుంటే చేయి ఆనించకుండా లేవలేరు. కొందరికి మింగడం కష్టమవుతుంది.

పిల్లల్లో వచ్చే ఈ జబ్బుకు క్యాన్సర్‌తో సంబంధం ఉండదనే చెప్పవచ్చు. పెద్దవారిలో మాత్రం నూటికి 10 నుండి 30 మంది వరకు ఎక్కడో ఒక క్యాన్సర్ ఉంటుంది. అండాశయం, రొమ్ము, ఊపిరితిత్తులు, జీర్ణాశయం వీటిలో ముఖ్యమైనవి. ఒక్కోసారి చర్మపు జబ్బు ముందు వచ్చి, క్యాన్సర్ ఆ తరువాత బయటపడుతుంది. అందుకే ఈ జబ్బు ఉన్నవారిని డాక్టర్లు కొన్నేళ్ళ పాటు మళ్ళీ మళ్ళీ పరీక్షలకు రమ్మంటారు. "ఒకసారి చూశారు గదా" అని మానుకోవద్దు.

6. బొడ్డులో గట్టి గడ్డ

ఈ గుర్తును కనిపెట్టింది డాక్టరు కాదు, ఒక నర్సు. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రపు రోచెస్టర్ పట్టణంలో సెయింట్ మేరీస్ ఆసుపత్రి ఉంది. సిస్టర్ మేరీ జోసెఫ్ డెంప్సీ 1892 నుండి 1939లో చనిపోయేవరకు ఆ ఆసుపత్రికి సూపరింటెండెంట్. అనేక ఏళ్ళు డాక్టర్ విలియం మేయో గారికి ఆపరేషన్లలో సహాయకురాలిగా ఉన్నారు. ఆపరేషన్‌కు ముందు రోగి పొట్టను శుభ్రం చేస్తున్నప్పుడు బొడ్డులో గట్టి గడ్డ తగిలిన వారికి లోపల క్యాన్సర్ బాగా పాకి ఉంటుందని ఆమె గమనించి డాక్టరు గారికి చెప్పారు. డాక్టర్ మేయో ఈ సంగతిని 1928లో ప్రకటించారు. తరువాత 1949లో ఇంగ్లండు సర్జన్ హామిల్టన్ బెయిలీ తన పుస్తకంలో దానికి సిస్టర్ మేరీ జోసెఫ్ గడ్డ అని పేరు పెట్టారు. ఈనాటికీ ప్రపంచమంతటా వైద్య విద్యార్థులు ఆ పేరుతోనే నేర్చుకుంటున్నారు. రోజూ చేసే పనిని కళ్ళు తెరిచి చేస్తే ఏమి కనబడుతుందో నర్సింగ్ చదివే మన ఆడపిల్లలకు చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకలేదు.

బొడ్డు ఉబ్బితే అది చాలా వరకు హెర్నియా. పడుకున్నప్పుడు లోపలికి పోతుంది, దగ్గితే ముందుకు వస్తుంది, మెత్తగా ఉంటుంది. లోపలికి పోని, రాయిలా గట్టిగా ఉన్న, పుండు పడి నీరు కారే గడ్డ వేరు. జీర్ణాశయం, పెద్దపేగు, పాంక్రియాస్, అండాశయం వీటిలో ఎక్కడి క్యాన్సరైనా అక్కడికి చేరవచ్చు.

7. దెబ్బ తగలకుండా కమిలిన మచ్చలు, ఎర్ర చుక్కలు

డెంగీ వచ్చిన ఏడాది ప్లేట్‌లెట్ల మాట మనందరికీ అలవాటయింది. ప్లేట్‌లెట్లు తగ్గితే చర్మం మీద సూదిమొన అంత ఎర్ర చుక్కలు వస్తాయి, వేలితో నొక్కినా రంగు పోదు. డెంగీలో ఇవి జ్వరంతో వచ్చి తగ్గిపోతాయి. పిల్లవాడు పాలిపోయి, మాటిమాటికి జ్వరం వస్తూ, చిగుళ్ళ నుండి రక్తం, దెబ్బ లేని చోట నీలి మచ్చలు, కాళ్ళ ఎముకల్లో నొప్పి ఉంటే మాత్రం రక్తపు క్యాన్సర్ ఉందేమో చూడాలి. మామూలు రక్త పరీక్షతోనే మొదటి అనుమానం తేలిపోతుంది.

ఇక్కడ ఒక ధైర్యపు మాట. 1895లో భీమవరంలో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లే ప్రయోగశాలలో ఫోలిక్ యాసిడ్ మీద చేసిన పని నుండే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ అనే మందులు వచ్చాయి. బోస్టన్ నగరంలో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు అమినోప్టెరిన్ ఇచ్చి, జబ్బు కొంతకాలం అణిగిందని 1948లో ప్రకటించారు. అంతకుముందు ఆ పిల్లలకు ఆశ లేదు. ఈనాడు పిల్లల్లో ఎక్కువగా వచ్చే రకం రక్త క్యాన్సర్‌కు మధ్యలో మానకుండా పూర్తి వైద్యం ఇప్పిస్తే చాలామందికి నయమవుతున్నది. ఆ వైద్యంలో మెథోట్రెక్సేట్ ఇప్పటికీ ఉంది.

చర్మం మీదనే పుట్టే క్యాన్సర్

పైన చెప్పినవన్నీ లోపలి జబ్బుకు గుర్తులు. చర్మం మీదనే మొదలయ్యే క్యాన్సర్ కూడా ఉంది. పాత కాలిన మచ్చ మీద ఏళ్ళ తరువాత లేచి మానని పుండు, అరికాలిలోనో గోరు కిందనో కొత్తగా వచ్చి పెరిగే నల్లమచ్చ, రంగు మారి రక్తం కారే పుట్టుమచ్చ. వీటిని చూపించాలి. మన దేశంలో ధోవతి ముడి బిగించే చోట చర్మ క్యాన్సర్ వస్తున్నదని బొంబాయి టాటా ఆసుపత్రికి చెందిన డాక్టర్ ఖానోల్కర్ 1945లోనే రాశారు. ఆడవారికి లంగా బొందు బిగించే చోట కూడా అలా వచ్చినట్టు తరువాత చూశారు. బొందు ఒరిపిడికి నడుము మీద గీత నల్లబడడం అందరికీ ఉంటుంది, అది క్యాన్సర్ కాదు. అక్కడ పుండు పడి మానకపోతే చూపించండి. సన్నని బొందుకు బదులు వెడల్పు పట్టీ వాడడం మంచిది.

మీకు మీరు వేసుకోవలసిన మూడు ప్రశ్నలు

ఈ జబ్బుల పేర్లన్నీ గుర్తు పెట్టుకోనక్కర లేదు. చర్మం మీద ఏ మార్పు కనబడినా ఈ మూడు ప్రశ్నలు వేసుకోండి.

1. ఇది కొత్తదా? చిన్నప్పటి నుండి ఉన్నది వేరు, ఈ మధ్య మొదలై వేగంగా పెరుగుతున్నది వేరు.

2. మందుకు తగ్గిందా? డాక్టరు గారు ఇచ్చిన మందును చెప్పినట్టు మూడు వారాలు వాడినా తగ్గలేదా? లేక తగ్గి మళ్ళీ అక్కడే వచ్చిందా?

3. తోడుగా ఇంకేమైనా ఉందా? బరువు తగ్గడం, ఆకలి లేకపోవడం, రక్తం పోవడం, గడ్డలు, జ్వరం, నీరసం.

మూడింటిలో ఒక్కదానికి అవును అని జవాబు వచ్చినా డాక్టరు గారికి చూపించండి. రెండింటికి అవును అయితే ఈ వారమే రండి. ఒక్క వైపు చనుమొన పుండు, గట్టి బొడ్డు గడ్డ, కామెర్లతో దురద, నొక్కినా పోని ఎర్ర చుక్కలు ఉంటే మూడు వారాలు ఆగే పని కూడా లేదు.

మెడికల్ షాపు ట్యూబు గురించి

డాక్టరు చీటీ లేకుండా కొనే ట్యూబులలో చాలా వాటిలో స్టెరాయిడ్ మందు కలిసి ఉంటుంది. అది ఏ జబ్బునైనా కొన్నాళ్ళు చల్లారుస్తుంది. ఎరుపు తగ్గుతుంది, దురద తగ్గుతుంది. తామరైతే లోపల ఇంకా పాకుతుంది. క్యాన్సరైతే దాని పని అది చేసుకుపోతుంది. మా వదినకు నేను ఇచ్చిన ట్యూబు చేసింది అదే. "తగ్గింది" అన్న ఆ మాటే మమ్మల్ని మోసం చేసింది. కాబట్టి డాక్టరు దగ్గరికి వచ్చేటప్పుడు ఇంతకు ముందు వాడిన ట్యూబులు, మాత్రల అట్టలు తీసుకురండి. ఎవరు ఇచ్చారన్నది దాచవద్దు. మిమ్మల్ని తిట్టడానికి కాదు, జబ్బు రూపు మారిందా అని తెలుసుకోవడానికి అడుగుతాం.

మీరు అడిగే ప్రశ్నలు

ప్రశ్న: ముక్క తీసి పరీక్ష చేస్తే క్యాన్సర్ ఒళ్ళంతా పాకుతుందట కదా?
జవాబు: ఈ భయంతోనే చాలామంది ఆలస్యం చేస్తున్నారు. బయాప్సీ వలన క్యాన్సర్ ఒళ్ళంతా పాకదు. చర్మానికి తిమ్మిరి సూది వేసి చిన్న ముక్క తీస్తారు. ఒకటి రెండు కుట్లు పడవచ్చు. అదే రోజు ఇంటికి వెళ్ళవచ్చు. ఆ ముక్క లేకుండా ఏ క్యాన్సర్ అని తేలదు, తేలకుండా వైద్యం మొదలు పెట్టరు.

ప్రశ్న: వయసు పెరిగాక మొహం మీద, వీపు మీద నల్లని బొడిపెలు వచ్చాయి. ఇవి ప్రమాదమా?
జవాబు: ఏళ్ళ తరబడి ఒక్కొక్కటిగా వచ్చినవి వయసు వలన వచ్చేవి. ప్రమాదం లేదు. కొద్ది వారాల్లోనే గుంపులుగా లేచి, దురద పెట్టి, దానితో పాటు బరువు తగ్గితే చూపించండి.

ప్రశ్న: రొమ్ము జబ్బు మగవారికి కూడా వస్తుందా?
జవాబు: అరుదుగా వస్తుంది. మగవారికి చనుమొన కింద గట్టి గడ్డ, చనుమొన మీద మానని పుండు ఉంటే సిగ్గుపడకుండా చూపించాలి.

ప్రశ్న: మచ్చ మీద స్పర్శ తెలియడం లేదు. ఇది క్యాన్సరా?
జవాబు: పాలిపోయిన లేక ఎర్రని మచ్చ మీద స్పర్శ లేకపోతే ముందు కుష్ఠు కోసం పరీక్ష చేస్తాం. దానికి ప్రభుత్వం మందులు ఉచితంగా ఇస్తుంది, పూర్తిగా నయమవుతుంది.

మచ్చను దాచే అలవాటు

కుష్ఠు మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. మనకు దగ్గరలోని నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్ అనే స్కాట్లండు మిషనరీ 1915లో కుష్ఠు ఆసుపత్రి నెలకొల్పారు. ఆ రోజుల్లో మచ్చ కనబడితే ఊరు వెలివేస్తుందన్న భయంతో జనం పైబట్ట కప్పుకొని, వేళ్ళు పోయేదాకా దాచుకొనేవారు. మొదట్లోనే చూపించి ఉంటే నిలిచే చేతులు దాచడం వల్ల పోయాయి. ఆ రోజులు పోయాయి కాని దాచే అలవాటు పోలేదు. ముఖ్యంగా మన ఆడవారు రొమ్ము మీద పుండును భర్తకు కూడా చెప్పరు. కూతురి పెళ్ళి కానీ, కోతలు కానీ, పండుగ వెళ్ళనీ అంటారు. క్యాన్సర్ పండుగ కోసం ఆగదు.

భర్తలకు, కొడుకులకు ఒక మాట. ఇంట్లో ఆమె "ఏం లేదు, దురద" అంటే ఊరుకోకండి. ఆసుపత్రికి తోడు రండి. లేడీ డాక్టరు, నర్సు దగ్గరుండి చాటున పరీక్ష చేస్తారు.

వైద్యం ఎక్కడ, ఖర్చు ఎంత

మొదటి పరీక్షకు హైదరాబాదు పరుగెత్తనక్కర లేదు. మన ఆసుపత్రిలో గాని, సిద్దిపేట ప్రభుత్వ ఆసుపత్రిలో గాని చూపించుకోవచ్చు. సిద్దిపేటలో 2018లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది. క్యాన్సర్ అని తేలితే, లేక గట్టి అనుమానం ఉంటే హైదరాబాదుకు పంపుతారు. రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ప్రభుత్వానిది, 1955 నుండి ఉన్నది. బంజారాహిల్స్‌లో బసవతారకం ఆసుపత్రి 2000లో ప్రారంభమైంది. సిద్దిపేట నుండి రాజీవ్ రహదారి మీద సుమారు 100 కిలోమీటర్లు. బస్సులో జూబ్లీ బస్ స్టేషన్ వరకు వెళ్ళి అక్కడి నుండి పోవచ్చు.

ఆరోగ్యశ్రీ 2007లో మొదలైనప్పటి నుండి క్యాన్సర్ వైద్యం అందులో ఉన్నది. తెలంగాణలో ఒక కుటుంబానికి ఏడాదికి ఉన్న పరిమితిని 2023 డిసెంబరులో 5 లక్షల నుండి 10 లక్షల రూపాయలకు పెంచారు. వెళ్ళేటప్పుడు రేషన్ కార్డు, ఆధార్ కార్డు, ఇంతవరకు చేసిన పరీక్షల కాగితాలు, ఎక్స్‌రేలు, బయాప్సీ రిపోర్టు ఒకే సంచిలో పెట్టుకోండి. భూమి అమ్మాలేమో అన్న భయంతో ఇంట్లో కూర్చోకండి. ముందు వచ్చి అడగండి.

నెలకు ఒకసారి

నెలకు ఒక రోజు పెట్టుకొని, స్నానానికి ముందు మంచి వెలుతురులో మీ ఒంటిని చూసుకోండి. రొమ్ములు, చంకలు, బొడ్డు, అరచేతులు, అరికాళ్ళు, గోళ్ళు. వీపును ఇంట్లో ఒకరు చూడాలి. ఇంట్లోని ముసలివారికి స్నానం చేయించేవారు, నూనె రాసేవారు కూడా చూస్తూ ఉండాలి. సిస్టర్ మేరీ జోసెఫ్ ఆనాడు రోగి పొట్ట తుడుస్తూ చూసినట్టు, మీ చేతి కింద ఉన్న చర్మాన్ని మీరూ చూడగలరు.

మా వదిన ఈ మధ్య వాళ్ళ వాడలో ఒకామెను వెంటబెట్టుకొని మన ఓపీకి వచ్చింది. ఆమెకు కూడా ఒక్క వైపు చనుమొన మీద పొట్టు, వచ్చి నెల కూడా కాలేదు. పరీక్ష చేస్తే ఆమెది వట్టి ఎగ్జిమా అని తేలింది. మందు రాసి పంపించాం, తగ్గిపోయింది. "ఉత్తగనే తీసుకొచ్చిన, మీకు పని పెట్టిన" అని వదిన నొచ్చుకున్నది. నేను ఆమె చేయి పట్టుకొని, "ఇట్లా ఉత్తగ నూరుమందిని తీసుకురా వదినా" అన్నాను. మీకు కూడా అదే మాట చెబుతున్నాను. చూపించి ఏమీ లేదని తేలితే సంతోషంగా ఇంటికి పోవచ్చు. దాచుకుంటే మాత్రం ఆ కాలం తిరిగి రాదు.

మీ అందరి ఆరోగ్యమును కోరుతూ,

నర్సింగ్ సూపరింటెండెంట్